సకురా (చెర్రీ పూలు) లేకపోయినా టోక్యో తోటలు చూడొచ్చండీ!

టోక్యోలో తెలుగు కుటుంబాలకు సంప్రదాయ తోటలు తిప్పి చూపించడం నా పని. ఫోన్ ఎత్తగానే అందరిదీ ఒకటే ప్రశ్న: "సకురా ఎప్పుడండీ? ఆ వారం తప్పితే గార్డెన్లు చూడటం దండగట కదా!"

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, జనం జేబుకు చిల్లు పెడుతోంది. యాసుకుని మందిరంలో ఒక చెర్రీ చెట్టుంది. దానికి ఐదారు పూలు విచ్చుకుంటేనే టోక్యోలో పూత మొదలైందని వాతావరణ శాఖ ప్రకటిస్తుంది. 2023లో అది మార్చి 14న, 2024లో మార్చి 29న జరిగింది. రెండు వారాల పైనే తేడా! నెలల ముందే టికెట్లు కొనేవాళ్లు దీన్ని ఎలా పట్టుకుంటారు?

వాట్సాప్ తేదీ నమ్మి, హోటల్ రేట్లు మండిపోయే వారంలో దిగిన ఒక కుటుంబాన్ని రికుగియెన్ తోటకు తీసుకెళ్లాను. గేటు దగ్గరి వేలాడే కొమ్మల చెర్రీ చెట్టు అప్పటికే పూలు రాల్చి ఆకులేసింది. ఆ ఇంటావిడ మొహం చిన్నబోయింది. తోటలోని ఫుజిషిరో గుట్ట ఎక్కి చెరువు వైపు చూశాక మాత్రం, పిల్లలు లాగినా కిందికి దిగలేదు. 1702లో యనగిసావా యోషియాసు అనే సామంత ప్రభువు ఈ తోట పూర్తి చేయించాడు. నాలుగడుగులు వేస్తే చాలు, చెరువు వేరేలా కనిపించేలా దారి మలిచారు. దానికి ఏ నెలైతే ఏంటి? పూలే కావాలంటే ఏప్రిల్‌లో ఇక్కడే అజేలియాలు, జూన్‌లో కొయిషికావా కొరాకుయెన్ అనే మరో తోటలో ఐరిస్‌లు. నవంబరు చివర్లో మేపుల్ ఆకులు ఎర్రబడతాయి. నన్నడిగితే జూన్ వానల్లో రమ్మంటాను. నాచు నిగనిగలాడుతుంది, జనమూ ఉండరు.

మిగతా అపోహలు గబగబా. టికెట్ వేలల్లో ఉండదు. నేను చెప్పిన తోటల్లో పెద్దలకు 300 యెన్లు, 65 ఏళ్లు నిండితే 150. అమ్మకు మోకాళ్ల నొప్పులని హోటల్లో వదిలేసి వస్తుంటారు, పాపం. హమారిక్యూ తోట దాదాపు చదునుగానే ఉంటుంది, ఆవిడనీ తీసుకురండి. అక్కడి చెరువులోకి తూముల గుండా సముద్రపు నీరొస్తుంది, ఆటుపోట్లకు మట్టం మారుతుంది. టీ గదిలో మచ్చా (గ్రీన్ టీ పొడితో చేసే టీ) తాగే మర్యాదలు తెలియవని టెన్షన్ వద్దు. చెప్పులు విప్పి చాప మీద కూర్చోండి, ముందు మిఠాయి తిని తర్వాత టీ తాగండి.

దారి రాళ్ల మీద నల్ల తాడు కట్టిన చిన్న రాయి కనిపిస్తే అది అలంకారం కాదు, ఇటు రావద్దని. పిల్లలు ఆ రాయిని ఎత్తుకుపోకుండా చూసుకోండి. ఇంకోటి, ఐదింటికి మూస్తారు కదా అని తాపీగా వెళ్లకండి. నాలుగున్నర దాటాక బతిమాలినా లోపలికి వదలరు.