పదును కోసం ఆగిన సేనాని

అనంతపురం జిల్లా,
మృగశిర కార్తె

చిరంజీవులైన మనవళ్లకు, మనవరాలికి,

సెలవుల్లో మీరు వేపచెట్టు కింద యుద్ధం ఆట ఆడుతుంటే అరుగు మీద కూర్చుని విన్నాను. ముందు కాల్చినవాడే జనరల్ అని పెద్దవాడు తీర్పు చెప్పాడు. చిన్నది ఒప్పుకోలేదు. పంచాయితీ నా దాకా వచ్చేలోగా మీ జేజి మామిడిపండ్లు కోసి పెట్టింది, మీరు తగవు మరిచిపోయారు. నేను మరిచిపోలేదు. చేను దున్ని వాన కోసం ఎదురుచూస్తున్నాను, చేతిలో పని లేదు. అందుకే, ముందు కాల్చకుండా ఆగిన ఒక జనరల్ గురించి ఈ ఉత్తరం.

సామ్ మానెక్‌షా గారు 1914లో అమృత్‌సర్‌లో ఒక పార్సీ డాక్టరు ఇంట్లో పుట్టారు. 1932లో డెహ్రాడూన్‌లో మిలిటరీ అకాడమీ తెరిచినప్పుడు మొదటి జట్టులోనే చేరారు. పదేళ్లకు, 1942 ఫిబ్రవరిలో, బర్మాలో సిట్టాంగ్ వంతెన దగ్గర జపాను సైన్యంతో పోరాడుతుండగా మెషిన్‌గన్ తూటాలు ఆయన పొట్టలో దిగాయి. ఇక బతకడనుకుని మేజర్ జనరల్ కోవన్ తన ఛాతీ మీది మిలిటరీ క్రాస్ రిబ్బను తీసి ఆయనకు గుచ్చారు. ఆ రోజుల్లో చనిపోయినవారికి ఆ పతకం ఇచ్చేవారు కాదట! షేర్ సింగ్ అనే సిపాయి ఆయనను మోసుకుపోయి డాక్టరు ముందు పెట్టాడు. ఏమైందని డాక్టరు అడిగితే, "కంచరగాడిద తన్నింది" అన్నారని చెప్పుకుంటారు. ఈ స్థితిలోనూ హాస్యమాడేవాణ్ని వదలకూడదనుకుని డాక్టరు ఆపరేషన్ చేశాడు. నాకైతే ఆ పతకం కన్నా షేర్ సింగ్ భుజమే గొప్పది. మీ ఆటలో ఆ వేషం ఎవరూ వేయలేదు.

ఇక అసలు సంగతి. 1971 నాటికి ఆయన సైన్యాధిపతి. తూర్పు పాకిస్తాన్‌లో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో, మారణకాండ జరుగుతోంది, శరణార్థులు లక్షల్లో మన సరిహద్దు దాటుతున్నారు. ఏప్రిల్‌లో ప్రధాని ఇందిరా గాంధీ మంత్రులను సమావేశపరిచి, సైన్యాన్ని పంపాలన్నారు. ఇప్పుడు కాదన్నారు మానెక్‌షా. వానాకాలం దగ్గర పడింది. మనకు నాలుగు చినుకులు రాలితే పండగ, అక్కడ వాన పడితే నదులు సముద్రాలవుతాయి, ఈ గట్టున నిలబడితే ఆ గట్టు కనిపించదు. పంజాబులో గోధుమ కోతల కాలం, రైళ్లన్నీ సైన్యానికి తీసుకుంటే ధాన్యం కదలదు. ఎండాకాలంలో హిమాలయ కనుమలు తెరుచుకుంటాయి, చైనా దిగవచ్చు. చలికాలంలో మంచే వాటికి తాళం వేస్తుంది. పనిచేసే ట్యాంకులూ తక్కువే. ఇప్పుడు వెళితే ఓటమి ఖాయమని చెప్పి, కావాలంటే రాజీనామా ఇస్తానన్నారు. ఆమె రాజీనామా తీసుకోలేదు, గడువు ఇచ్చారు.

మీకు పదును అంటే కత్తి పదునే తెలుసు. మాకు అది నేలలోని తడి. ఒక ఏడాది పక్క చేలవాళ్లు విత్తుతున్నారని తొందరపడి, చిన్న జల్లుకే గొర్రు కట్టాను. వేరుశనగ మొలిచింది, మళ్లీ వాన లేక మాడిపోయింది. విత్తనాల అప్పు మాత్రం ఏపుగా పెరిగింది. మీ జేజి ఈనాటికీ దెప్పుతుంది. నలుగురిలో "ఇంకా పదును కాలేదు" అనడానికి ఎంత గుండె కావాలో నాకు ఆ ఏడే తెలిసింది. నావి నాలుగెకరాలే, ఆయన చేతిలో ఉన్నది దేశం.

డిసెంబరు 3న యుద్ధం మొదలైంది, 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. సుమారు 93,000 మంది బందీలయ్యారు. సిల్హెట్ వైపు ఎనిమిదో పర్వత డివిజన్‌ను నడిపింది మన తెలుగువారే, కె.వి. కృష్ణారావు గారు. 1981లో ఆయనా సైన్యాధిపతి అయ్యారు. లొంగుబాటు పత్రం అందుకోవడానికి మానెక్‌షా ఢాకా వెళ్లలేదు. అక్కడ సైన్యాన్ని నడిపిన జగ్‌జీత్ సింగ్ అరోరాదే ఆ గౌరవమన్నారు. 1973లో మానెక్‌షా మన దేశపు మొదటి ఫీల్డ్ మార్షల్ అయ్యారు, సైన్యంలో అన్నిటికన్నా పెద్ద హోదా అది. 2008లో, 94 ఏళ్ల వయసులో, నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో కన్నుమూశారు.

సాయంత్రం పడమట మబ్బు పట్టింది. పొద్దున వేలు గుచ్చి చూస్తే తడి రెండు కణుపుల లోతు కూడా దిగలేదు. గొర్రు చూరు కిందే ఉంది. దసరాకు వచ్చినప్పుడు షేర్ సింగ్ ఎవరో ముందే తేల్చుకుని రండి.

మీ తాత