పోతే డాలరే కదా? రీసేల్ టైమ్‌షేర్ గురించి అపోహలు - వాస్తవాలు

"పోతే ఒక్క డాలరే కదండీ!"

టైమ్‌షేర్ అంటే రిసార్టులో ఒక యూనిట్‌ను ఏటా కొన్ని రోజులు, మామూలుగా ఒక వారం, వాడుకునే హక్కు. పాత యజమాని దాన్ని డాలరుకే రీసేల్‌కు, అంటే రెండోసారి అమ్మకానికి, పెట్టిన ప్రకటన చూసినవారి నుంచి ఈ మాట వారానికి ఒకసారైనా ఫోనులో వింటాను. ఫ్లోరిడాలో టైమ్‌షేర్ రీసేల్ దస్తావేజులు చూసే టైటిల్ ఆఫీసులో పనిచేస్తున్నాను. అమ్మేవారి పేరు తీసి కొనేవారి పేరు ఎక్కించడం, బకాయిలు ఉన్నాయేమో ఆరా తీయడం, కాగితాలు కౌంటీలో నమోదు చేయించడం నా పని. అమ్మిపెట్టడం నా పని కాదు, వద్దని చెప్పడం అంతకంటే కాదు. కానీ సంతకాలయ్యాక ఏడాదికో రెండేళ్లకో అదే మనిషి మళ్లీ ఫోన్ చేసి "దీన్ని వదిలించుకునే దారి చెప్పండి" అని అడిగితే ఏం చెప్పాలో తోచదు. అందుకే సంతకానికి ముందే చెప్పవలసినవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: డాలరుకే వస్తోంది, నష్టమేముంది?

చారానా కోడికి బారానా మసాలా అనే సామెత టైమ్‌షేర్ కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు. డాలరు అన్నది అసలు ధరే కాదు. "ఏటేటా వచ్చే ఈ బిల్లును ఇకమీదట మీరు కట్టండి, నేను వెళ్తాను" అని అమ్మేవారు చెప్పే మాట అది. మీరు కొంటున్నది ఆస్తి అనుకుంటున్నారు. వారు వదిలించుకుంటున్నది మెయింటెనెన్స్ ఫీజు, అంటే రిసార్టు నిర్వహణకు ఏటా కట్టవలసిన సొమ్ము.

కాగితం మీద లెక్క వేద్దాం. రెండు పడకగదుల యూనిట్, ఏడాదికి ఒక వారం. రీసేల్‌లో 4,000 డాలర్లకు కొన్నారు. క్లోజింగ్ ఖర్చులు, అంటే బదిలీ కాగితాలకూ నమోదుకూ అయ్యేవి, 600. మెయింటెనెన్స్ ఈ ఏడాది 1,100, ఏటా 5 శాతం పెరుగుతుందనుకుందాం. పదో ఏడు వచ్చేసరికి బిల్లు 1,700 దాటుతుంది. పదేళ్లలో కట్టిన ఫీజులే దాదాపు 13,800. కొన్న ధర, క్లోజింగ్ కలిపితే 18,400 పైన. అంటే వారానికి 1,840, రాత్రికి 260 డాలర్లకు పైమాటే. ఇప్పుడు అదే యూనిట్‌ను డాలరుకే కొన్నారనుకోండి. తగ్గేది 3,999. మొత్తం ఖర్చులో అది ఐదో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. మిగతాదంతా మీరు ఎంత గీసిగీసి బేరమాడినా తగ్గేది కాదు. ఇరవై ఏళ్లు ఉంచుకుంటే ఫీజులే 36,000 దాటతాయి. ఆ ఇరవై ఏళ్లలో ఒక వేసవికి పాపకు పరీక్షలనో, ఇంట్లో ఎవరికో ఆపరేషన్ అనో వెళ్లలేకపోయినా బిల్లు మాత్రం వస్తుంది.

అందుకని నన్ను అడిగేవారికి ఒకటే పరీక్ష చెబుతాను. మీరు కొనాలనుకుంటున్న అదే రిసార్టులో, అదే వారాన్ని, ప్రస్తుత యజమాని ఎవరైనా అద్దెకు ఇస్తున్నారేమో చూడండి. వెళ్లలేని యజమానులు కనీసం ఫీజైనా గిట్టుబాటు కావాలని చాలా చోట్ల ఆ ధరకే, ఒక్కోసారి అంతకంటే తక్కువకే, అద్దెకు ఇస్తుంటారు. అద్దె మెయింటెనెన్స్ కంటే తక్కువగా ఉంటే డాలరు పెట్టి కొనడం కూడా దండగే. అద్దె రెండింతలు ఉండి, మీరు నిజంగా ఏటా వెళ్లే కుటుంబమైతే అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. అలాంటి యూనిట్లు ఉన్నాయి. స్కీ రిసార్టుల్లో చలికాలపు వారాలు, సముద్రం ఒడ్డున వేసవి వారాలు కొన్ని అలాంటివే. వాటిని రిసార్టు కట్టి మొదటగా అమ్మే డెవలపర్ దగ్గర కొనడం కంటే రీసేల్‌లో కొనడమే తెలివైన పని. డెవలపర్ చెప్పే ధరలో ఉచిత భోజనాలు, బహుమతి కూపన్లు, సేల్స్‌మెన్ కమీషన్లు అన్నీ ఉంటాయి. రెండోసారి చేతులు మారేటప్పుడు ఆ భారం ఉండదు. రీసేల్ చెడ్డదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. లెక్క వేయకుండా కొనడమే చెడ్డది.

పై లెక్కలో చేర్చనిది ఇంకొకటి ఉంది, స్పెషల్ అసెస్‌మెంట్. పైకప్పులు మార్చాలన్నా, తుఫాను దెబ్బకు భవనం పాడైనా, రిజర్వు నిధి చాలకపోతే ఆ ఖర్చును యజమానులందరికీ పంచుతారు. 2022 సెప్టెంబరులో ఇయన్ హరికేన్ ఫ్లోరిడా నైరుతి తీరాన్ని తాకాక సనిబెల్, ఫోర్ట్ మైయర్స్ బీచ్ పేర్లు వింటేనే మా ఆఫీసులో అందరూ కాస్త జాగ్రత్త పడతారు. ఒక రిటైర్డ్ దంపతుల ఫైలు నాకు బాగా గుర్తు. తీరం దగ్గర యూనిట్, మంచి బేరం, కాగితాలన్నీ సవ్యంగా ఉన్నాయి. నమోదు పూర్తయిన మూడు నెలలకు అసెస్‌మెంట్ నోటీసు వచ్చింది. ఆయన కోపంగా కాదు, దాదాపు క్షమాపణ చెబుతున్నట్టు అడిగారు: "ఇది పాత యజమానికి రావలసింది కదా?" కాదు. బిల్లు పడే రోజున దస్తావేజులో ఎవరి పేరుంటే వారిదే. మేము చేసిన పనిలో తప్పేమీ లేదు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత నుంచి కొనేవారు అడగకపోయినా చెబుతున్నాను: యజమానుల సంఘం ఈ ఏటి బడ్జెట్, రిజర్వు నిధి వివరాలు, గత రెండేళ్ల సమావేశాల మినిట్స్ (చర్చల రాతప్రతులు) తెప్పించుకోండి. పైకప్పు, లిఫ్టు, బీమా అనే మాటలు మినిట్స్‌లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే బిల్లు బయలుదేరిందన్నమాటే.

అపోహ: "బకాయిలేవీ లేవు" అని అమ్మేవారు చెప్పారు కదా

చెబుతారు. చాలామంది నిజాయితీగానే చెబుతారు, వారికే సరిగ్గా తెలియదు. రిసార్టు ఇచ్చే ఎస్టాపెల్ లెటర్ చేతికి రాకుండా డబ్బు కదలకూడదు. ఫీజు ఎంతవరకు కట్టారు, అప్పు మిగిలి ఉందా, ఈ ఏడాది పాయింట్లు (కొన్ని కంపెనీలు వారానికి బదులు గదుల బుకింగుకు ఏటా ఇచ్చేవి) వాడేశారా, వచ్చే ఏడాదివి ముందే తెచ్చేసుకున్నారా, అన్నీ అందులో ఉంటాయి. ఆ చివరిదాన్ని అందరూ వదిలేస్తారు. ఒకాయన తొందరపడి దళారి మాట మీద సంతకం చేసి, తర్వాత కాగితాలు చూడమని నాకు పంపారు. పాత యజమాని వచ్చే ఏడాది పాయింట్లతో కూడా సెలవులు గడిపేసి వచ్చారు. కొత్తాయన ఏడాదిన్నర పాటు ఫీజు కట్టారు, గది తాళం చేతిలోకి రాలేదు.

డబ్బు ఎస్క్రోలో, అంటే కాగితాలు పూర్తయ్యాకే అమ్మేవారికి చేరేలా మధ్యవర్తి సంస్థ ఉంచే ఖాతాలో, పెట్టండి. అమ్మేవారి సొంత ఖాతాకు పంపవద్దు. ఇంకేమీ చెప్పను.

అపోహ: అమ్మేవారికి ఉన్న హక్కులన్నీ మనకూ వస్తాయి

రావు. వారాలూ పాయింట్లూ వస్తాయి. హోదాలు, ప్రత్యేక సౌకర్యాలు చాలా కంపెనీల్లో మొదటి కొనుగోలుదారుతోనే ఆగిపోతాయి. డిస్నీ కంపెనీ టైమ్‌షేర్ అయిన డిస్నీ వెకేషన్ క్లబ్‌నే తీసుకోండి. 2019 జనవరి 19 తర్వాత పాత 14 రిసార్టుల్లో ఏదో ఒకదాని పాయింట్లు రీసేల్‌లో కొన్నవారు ఆ 14 చోట్లే వాడుకోగలరు, తర్వాత వచ్చిన రివియేరా రిసార్టులో చెల్లవు. రివియేరా పాయింట్లనే రీసేల్‌లో కొంటే రివియేరా దాటి ఎక్కడా చెల్లవు. పైగా ఈ ఒప్పందాలకు గడువుంది. బోర్డ్‌వాక్, బీచ్ క్లబ్ వంటి రిసార్టులవి 2042 జనవరి 31తో ముగుస్తాయి. పాయింటు ధర తక్కువ కనిపించగానే ఎగబడేవారు మిగిలిన సంవత్సరాలతో దాన్ని భాగించి చూడరు. గడువు ముగిశాక ఏమీ మిగలదు. చిత్రమేమిటంటే నా అనుభవంలో అదే కొందరికి మంచిది కూడా, ఎందుకంటే బిల్లు కూడా ఆ రోజుతో ఆగిపోతుంది.

కంపెనీకి ముందుగా తానే కొనుక్కునే హక్కు ఉంటే, మీరు కుదుర్చుకున్న ధరకే అది ఎగరేసుకుపోవచ్చు. డిస్నీకి అందుకు 30 రోజులు. ఆ లోపల విమానం టికెట్లు కొనకండి.

అపోహ: పిల్లల పేర్లు కూడా చేర్పిస్తే రేపు వాళ్లకు పనికొస్తుంది

ఈ మాట దగ్గర నాకు ఓపిక నశిస్తుంది, ఆ వెంటనే జాలి కూడా వేస్తుంది. ఆస్తి కొన్నప్పుడు పిల్లల పేర్లు రాయించాలన్న ఆరాటం ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. మా నాన్నగారూ అలాంటివారే. చిన్న స్థలం కొన్నా ముగ్గురి పేర్లూ ఉండాల్సిందే. కానీ టైమ్‌షేర్ విషయంలో మీరు రాసిస్తున్నది స్థలం కాదు, గడువు లేని బిల్లు.

మీ పేరు మీదే ఉండి, అది వారసత్వంగా వచ్చిందనుకోండి. "మాకు వద్దు" అని రాతపూర్వకంగా నిరాకరించే హక్కు పిల్లలకు ఉంటుంది. అమెరికా ఫెడరల్ పన్ను చట్టం ప్రకారం మామూలుగా దానికి 9 నెలల గడువు. ఆ లోపల ఆ వారాన్ని ఒక్కసారి కూడా వాడుకోకూడదు. "నాన్న గుర్తుగా ఒక్కసారి వెళ్లొద్దాం" అని వెళ్లారో, ఆ దారి మూసుకుపోయినట్టే. అదే దస్తావేజులో పిల్లల పేరు ముందే ఉంటే తమ వాటాను నిరాకరించడమన్న ప్రశ్నే రాదు. అది వారసత్వం కాదు, ఇప్పటికే వారిది. కాలేజీ చదువు అప్పులే ఇంకా తీర్చుకుంటున్న ఒక అమ్మాయి తన పేరు మీద ఫీజు బకాయి ఉందని వసూళ్ల ఏజెన్సీ ఉత్తరం ద్వారా తెలుసుకుంది. ఎప్పుడో పద్దెనిమిదేళ్లు నిండిన కొత్తలో "ఇక్కడ ఒక సంతకం చెయ్యమ్మా" అని వాళ్ల నాన్నగారు అడిగారట. ఆ అమ్మాయి ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు. నా ముందు కూర్చుని ఆయనే ఏడ్చారు.

అపోహ: వద్దనుకుంటే అమ్మేయవచ్చు, కొనేవారు సిద్ధంగా ఉన్నారని ఫోన్ కూడా వచ్చింది

ఫోన్ రావడమే ప్రమాద సూచన. "మీ యూనిట్‌కు ఫలానా ధర ఇస్తామంటున్నారు, ముందుగా పన్ను కట్టాలి, బదిలీ రుసుము పంపండి" అని అడిగితే అక్కడితో ఫోన్ పెట్టేయండి. ముందుగా డబ్బు అడిగే రీసేల్ కంపెనీల గురించి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎన్నో ఏళ్లుగా హెచ్చరిస్తూనే ఉంది. మెక్సికోలోని ప్యూర్టో వల్లార్టా ప్రాంతంలో టైమ్‌షేర్ మోసాలు నడిపే మాదకద్రవ్యాల ముఠాతో సంబంధమున్న వ్యక్తుల మీద, కంపెనీల మీద అమెరికా ట్రెజరీ శాఖ 2023లో ఆంక్షలు విధించింది. 2024 జులైలో ఎఫ్‌బీఐతో కలిసి హెచ్చరిక కూడా జారీ చేసింది. ఆ ముఠాలకు దొరికేది ఎక్కువగా పెద్దవయసు యజమానులే. మోసపోయామని ఇంట్లో చెప్పుకోలేక, పోయిన డబ్బు వెనక్కి తెస్తామన్న మరో మోసగాడికి మళ్లీ కట్టినవారిని చూశాను. సిగ్గుపడవలసింది మీరు కాదండీ, దయచేసి పిల్లలకు చెప్పండి.

వదిలించుకోవాలనుకుంటే ముందు రిసార్టుకే ఫోన్ చేయండి. అప్పు తీరి, ఫీజులు చెల్లించి ఉంటే తిరిగి తీసుకునే పథకాలు కొన్ని కంపెనీలకు ఉన్నాయి. ఫీజు కట్టడం మానేయమని ఎవరైనా సలహా ఇస్తే, వసూళ్ల ఏజెన్సీ మీ ఇంటికి ఉత్తరం రాసినప్పుడు ఆయన పక్కన ఉండరని గుర్తుంచుకోండి.

మిగిలినవి గబగబా. నష్టానికి అమ్మితే పన్నులో చూపించుకోవచ్చా? సొంత సెలవులకు వాడినదైతే చూపించుకోలేరు. మన వారాన్ని వేరే రిసార్టు వారంతో మార్చిపెట్టే ఆర్‌సీఐ, ఇంటర్వల్ ఇంటర్నేషనల్ సంస్థలతో ప్రపంచమంతా తిరగవచ్చా? తిరగవచ్చు. ఈ రెండూ 1970ల నుంచి ఉన్నాయి. సభ్యత్వానికి ఒక ఫీజు, మార్చుకున్న ప్రతిసారీ ఇంకో ఫీజు. మీరిచ్చే వారానికి గిరాకీ లేకపోతే వచ్చేదీ అలాంటిదే. కొన్నాక మనసు మారితే రద్దు చేసుకోవచ్చా? డెవలపర్ దగ్గర కొంటే ఫ్లోరిడాలో 10 రోజులు, నెవాడాలో 5 రోజులు గడువుంది. రీసేల్‌లో ఆ వెసులుబాటు ఉంటుందని నమ్ముకోకండి. నిన్నో మొన్నో డెవలపర్ అమ్మకాల ప్రెజెంటేషన్‌లో కూర్చుని సంతకం చేసి, ఇప్పుడు గుండె దడతో ఇది చదువుతున్నవారుంటే, చదవడం ఆపండి. ఒప్పందంలో రద్దు చిరునామా ఎక్కడుందో వెతికి, అందులో చెప్పిన పద్ధతిలోనే ఈ రోజే ఉత్తరం పంపండి, రశీదు దాచుకోండి. సేల్స్‌మన్‌కు ఫోన్ చేసి చెబితే చాలదు.

మొదట చెప్పిన డాలరు మాటను ఈమధ్య ఫోనులో నాతో అన్న ఒకాయన సంగతి. ఆయనకు పై లెక్కంతా ఫోనులోనే వేసి చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ ప్రకటన ఇచ్చిన యజమానికే ఫోన్ చేసి, యూనిట్ కొననని, ఈ వేసవికి ఆ వారం మాత్రం అద్దెకు ఇస్తారా అని అడిగారట. ఆ ఏటి మెయింటెనెన్స్ ఎంతో అంతకే ఇచ్చారు. పిల్లలతో వెళ్లి హాయిగా ఈత కొట్టి వచ్చామని ఫొటో పంపారు. డాలరు ప్రకటన మాత్రం ఇంకా అక్కడే ఉంది. క్లోజింగ్ ఖర్చులు కూడా తామే పెట్టుకుంటామని మొన్ననే దానికి ఒక వాక్యం చేర్చారు.