ముందు చెప్పు, తర్వాత చూడు

తిరుపతి నుంచి ఓ తల్లి అడిగారు: "మా అబ్బాయికి క్లాసులో సార్ ప్రయోగాలు చేసి మరీ చూపిస్తారు. వీడు కళ్లార్పకుండా చూస్తాడట. ఇంటికొచ్చాక అడిగితే 'భలే ఉందమ్మా' అంటాడే తప్ప ఒక్క ముక్క చెప్పలేడు. ఎందుకని?"

చూసి ఊరుకున్నాడు కాబట్టి. అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ బృందం ఫిజిక్స్ క్లాసుల్లో దీన్నే పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించింది. ప్రయోగాన్ని ఊరికే చూసినవాళ్లకు, అసలు చూడనివాళ్లకంటే ఎక్కువేమీ అర్థం కాలేదు. ఏం జరుగుతుందో ముందే ఊహించి చెప్పి, ఆ తర్వాత చూసినవాళ్లకు మాత్రం బాగా అర్థమైంది.

ఇంట్లో కమలాపండుతో చేసి చూడండి. బకెట్ నీళ్లలో వేస్తే తేలుతుంది. మరి తొక్క ఒలిచి వేస్తే? "బరువు తగ్గింది కదా, ఇంకా బాగా తేలుతుంది" అంటాడు పిల్లాడు. వాదించనివ్వండి. ఒలిచిన పండు బుడుంగున మునుగుతుంది! తొక్కలో గాలి నిండిన సన్నటి ఖాళీలుంటాయి. దాని బరువు కొంచెమే, ఆక్రమించే చోటు ఎక్కువ. అది పోగానే పండు సాంద్రత నీటి సాంద్రతను దాటేస్తుంది. ఊరికే చూసినవాడికి మునిగింది పండు. పైకి చెప్పినవాడికి మునిగింది తన లెక్క. నోరు, చెయ్యి, కాస్త పరువు కూడా పాఠంలోకి దిగాయన్నమాట.

మెదడుకు కావాల్సింది అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య ఉన్న ఈ తేడాయే. మెదడు శాస్త్రవేత్త వుల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, పళ్లరసం చుక్క అనుకోకుండా దొరికితే మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని వదిలే నాడీకణాలు ఒక్కసారిగా చురుకయ్యాయి. అనుకున్నట్టే దొరికితే వాటిలో మార్పు లేదు. అనుకున్నది దొరక్కపోతే మామూలుకంటే నెమ్మదించాయి. అసలు అంచనాయే లేకపోతే తేడా ఎక్కడిది? మనుషుల విషయంలో బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ అనే మనస్తత్వ పరిశోధకులు 2001లో ఇంకో వింత చూపించారు: అనుమానంగా చెప్పిన తప్పుకంటే, గట్టి నమ్మకంతో చెప్పిన తప్పునే మనం బాగా దిద్దుకుంటాం. వాదించనివ్వమన్నది అందుకే.

పుస్తకంలో నెమలీక పెడితే పిల్లలు పెడుతుందని నమ్మేవాళ్లను మనం వెక్కిరిస్తాం. నమ్మకం వట్టిదే. కానీ అలా నమ్మిన చిన్నవాళ్లు ఊహించారు, మేత వేశారు, రోజూ తెరిచి చూశారు! మన సైన్స్ పీరియడ్లలో ఆ పాటి కూడా జరగడం లేదు, రికార్డులో "ఫలితం" ముందే రాసి ఉంటుంది.

ఒక చిక్కుంది. 2019లో హార్వర్డ్‌లోనే జరిగిన మరో అధ్యయనంలో, ఇలా పాల్గొని నేర్చుకున్నవాళ్లు తమకు తక్కువే వచ్చిందని అనుకున్నారు, టెస్టులో మాత్రం ఎక్కువ తెచ్చుకున్నారు. కాబట్టి "ఇవాళేం అర్థం కాలేదు" అని మీవాడు గొణిగితే కంగారుపడకండి.

ఈసారి అలిపిరి దగ్గరి సైన్స్ సెంటర్‌కు వెళ్లినప్పుడు, బటన్ నొక్కబోయే చెయ్యి పట్టుకుని "ఏమవుతుందో చెప్పు" అనండి. "తెలీదు" అంటే ఒప్పుకోకండి. తోచింది చెప్పమనండి, ఎందుకలా తోచిందో కూడా చెప్పమనండి. తర్వాత చెయ్యి వదలండి.