వెనక ఆడినవాడు కోచ్ అయితే: అపోహలు, వాస్తవాలు

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టు కాంస్యం తెచ్చినప్పుడు కెప్టెన్ మన హైదరాబాద్ డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్. 2005లో కరాచీలో శాఫ్ (దక్షిణాసియా దేశాల) కప్పు గెలిచిన మన జట్టుకు కోచ్ కూడా ఆయనే. అయినా ఒక డిఫెండర్ కోచింగ్‌లోకి వస్తున్నాడంటే చాలు, గ్రౌండ్ల దగ్గర పాత మాటలే మళ్ళీ వినిపిస్తాయి.

అపోహ: స్టాపర్ (గోల్ ముందు మధ్యలో ఆడే డిఫెండర్) కోచ్ అయ్యాడంటే జట్టంతా గోల్ ముందే గోడ కట్టుకుని కూర్చుంటుంది.

యుర్గెన్ క్లాప్ జర్మన్ క్లబ్ మైన్జ్‌లో ఫార్వర్డ్‌గా మొదలై రైట్ బ్యాక్‌గా (కుడి పక్క డిఫెండర్‌గా) మారాడు. 2001 ఫిబ్రవరిలో అదే జట్టుకు కోచ్ అయ్యాడు. బంతి పోయిన మరుక్షణమే ముందుకు ఉరికి లాక్కోవడం ఆయన జట్ల ముద్ర. కోచ్ రొనాల్డ్ కూమన్ కూడా వెనక ఆడినవాడే. 1992 యూరోపియన్ కప్ ఫైనల్లో బార్సిలోనాను గెలిపించిన ఫ్రీ కిక్ ఆయనదే.

వెనక నిలబడినవాడికి ఆటంతా ఎదురుగానే కనిపిస్తుంది. స్టాపర్‌కీ, పక్కన ఆడే సైడ్ బ్యాక్‌కీ మధ్య సందులోంచి దూరే పాస్ ఎంత నొప్పో అతనికి ఒళ్ళంతా తెలుసు. ఆ పాస్‌ను తన ఫార్వర్డ్‌లకు నేర్పగలిగేదీ అతనే.

అపోహ: దేశానికి ఆడినవాడికి లైసెన్స్ ఎందుకు?

ఫ్రాంజ్ బెకెన్‌బావర్ 1984లో పశ్చిమ జర్మనీ జట్టు పగ్గాలు పట్టినప్పుడు చేతిలో కోచింగ్ లైసెన్స్ లేదు. అందుకే మామూలు కోచ్ హోదా ఇవ్వకుండా ‘టీమ్‌షెఫ్’ (జట్టు అధిపతి) అన్నారు. 1990లో ప్రపంచకప్ గెలిచాడు. నిజమే, కానీ అలాంటివాడు తరానికొకడు. మన దగ్గర లైసెన్సుల వరుస డి, సి, బి, ఎ, ఆ పైన ప్రో. ఈ మెట్లు ఎక్కాల్సింది కాగితం కోసమే అనుకోవద్దు. పదిహేనేళ్ళు కాళ్ళకు అలవాటైన పనిని పదమూడేళ్ళ పిల్లాడికి మాటల్లో విడదీసి చెప్పడం వేరే విద్య. ఆట మానేశాక చూసుకుందాం అని ఆగడమూ పొరపాటే. క్లాప్ ఆడుతుండగానే, 1995లో, ఫ్రాంక్‌ఫర్ట్ గోథే విశ్వవిద్యాలయంలో క్రీడాశాస్త్రంలో డిప్లొమా పూర్తి చేశాడు.

అపోహ: డిఫెన్స్ నేర్పడమంటే టాకిల్ నేర్పడం.

ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే, కాబట్టి కాస్త వివరంగా చూద్దాం. నేల మీద జారే టాకిల్ చివరి మార్గం. తప్పితే డిఫెండర్ కింద, బంతి ముందుకు. ముందు నేర్పాల్సింది మనిషి దగ్గరికి వెళ్ళే తీరు. బంతి ఇంకా పాస్‌లో ఉండగానే పూర్తి వేగంతో పరుగెత్తాలి. చివరి 3 మీటర్లలో అడుగులు చిన్నవి చేసి వేగం చంపుకోవాలి. చేయి చాస్తే అందేంత దూరంలో ఆగాలి. ఒంటిని పక్కకు తిప్పి, మోకాళ్ళు వంచి, ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టాలి. గోల్ వైపు దారి మూసి టచ్‌లైన్ (మైదానం పక్క గీత) వైపు తెరవాలి. చూపు బంతి మీదే ఉండాలి. అవతలివాడి నడుము, భుజాలు ఎంత ఊగినా పట్టించుకోకూడదు. వాడు బంతిని కాలికి దూరంగా తోసిన క్షణమే కాలు పెట్టే సమయం.

పిల్లలు తప్పేది రెండు చోట్ల. వేగం తగ్గించకుండా మీదికి పోతారు, అవతలివాడు ఒక్క మలుపుతో దాటిపోతాడు. లేదా రెండు పాదాలూ సమంగా పెట్టి ఎదురుగా నిలబడతారు, బంతి కాళ్ళ మధ్యలోంచి పోతుంది. ఆడి వచ్చిన కోచ్ ఇక్కడ తనే చేసి చూపిస్తాడు, అదీ మ్యాచ్ వేగంతో. చూసే పిల్లాడికి ఏమీ అందదు. నడక వేగంతో మూడుసార్లు చూపించి, ఆ తర్వాతే పరుగు పెట్టించాలి.

అపోహ: డిఫెండర్ల లైన్ నిలబెట్టాలంటే గొంతు ఉండాలి.

గొంతు కావాలి, కానీ దానికి ముందు గుర్తు కావాలి. ప్రత్యర్థులు బంతిని వెనక్కి పాస్ చేశారా, నలుగురు డిఫెండర్లూ పైకి. బంతి ఉన్నవాడు తల ఎత్తి, మీద ఒత్తిడి లేకుండా ఉన్నాడా, నలుగురూ వెనక్కి. సాధనకు మీదికొచ్చే ప్రత్యర్థులు కూడా అక్కర్లేదు. సగం మైదానంలో అడ్డంగా నలుగురు బంతిని మార్చుకుంటూ ఉంటారు, ఎదురుగా నలుగురు డిఫెండర్లు బంతితోపాటు జరుగుతారు. మనిషికీ మనిషికీ మధ్య 8 నుంచి 10 మీటర్లు. బంతి మీదికి వెళ్ళినవాడి వెనక, ఏటవాలుగా, 4-5 మీటర్లలో పక్కవాడు. 15 నిమిషాలు చాలు. అప్పుడప్పుడు ఈల వేసి అందరినీ ఉన్నచోటే ఆపండి. బంతికి దూరంగా ఉన్న సైడ్ బ్యాక్ దాదాపు ప్రతిసారీ తన టచ్‌లైన్‌నే పట్టుకుని దొరుకుతాడు.

అపోహ: తను ఆడినట్టే నేర్పితే చాలు.

నియమాలే మారిపోయాయి. 1992లో గోలీకి కాలితో ఇచ్చే బ్యాక్‌పాస్‌ను చేత్తో పట్టుకోవడం నిషేధించారు. 2019 నుంచి గోల్ కిక్‌ను పెనాల్టీ ఏరియా లోపలే సహచరుడు అందుకోవచ్చు, బంతి బయటికి రావాల్సిన పని లేదు. అందుకే ఇప్పుడు స్టాపర్లు ఆ 16.5 మీటర్ల పెట్టెలోనే గోలీకి చెరో పక్కన నిలబడి ఆట మొదలుపెడుతున్నారు. 2019కి ముందే ఆట ఆపినవాడు ఈ పని మ్యాచ్‌లో ఎన్నడూ చేసి ఉండడు. ముందు తను నేర్చుకోవాలి. మొదటి పాస్ గోల్‌కు అడ్డంగా వెళ్ళకూడదు, అందుకునేవాడు ఒళ్ళు మైదానం వైపు తెరిచి దూరపు కాలితో ఆపాలి, తనమీదికి ఎవరొస్తున్నారో బంతి కదలకముందే ఒకసారి చూసుకుని ఉండాలి.