ర్యామ్ స్టిక్కులో బంగారమెంత? తాతయ్య లెక్క

చిన్నూకీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

బాబాయి షాపు నుంచి 11 పాత ర్యామ్ స్టిక్కులు, అంటే కంప్యూటర్‌లో మెమరీ కోసం పెట్టే చిన్న బోర్డులు, తెచ్చి అట్టపెట్టెలో దాచారని మీ అమ్మ చెప్పింది. యాసిడ్‌లో వేస్తే బంగారం వస్తుందని ఏదో వీడియో చూశారట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. ఫోన్లో చెబితే లెక్క తలకెక్కదు, అందుకే రాస్తున్నాను.

బంగారం ఉన్నమాట నిజమే. స్టిక్కు అంచున పచ్చగా మెరిసే పళ్ల మీద ఉన్నది అసలు బంగారమే. అడుగున రాగి, దాని మీద నికెల్, ఆ పైన బంగారం పూత. కరెంటు రాగిలోనే ఇంకా బాగా పారుతుంది. కానీ గాలి తగిలితే రాగి నల్లబడుతుంది, బంగారానికి ఆ బాధ లేదు. స్లాట్‌లో పెట్టి ఏళ్లు గడిచినా కనెక్షన్ చెడకూడదనే ఆ పూత వేస్తారు.

ఆ పూత మందమే మనకు కావలసిన అంకె. మంచి పూత ముప్పావు మైక్రాన్ ఉంటుంది, సరిగ్గా చెప్పాలంటే 0.76. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుకలో దాదాపు వందో వంతు. ఇప్పుడు కాగితం, పెన్సిలు తీయండి. ర్యామ్‌లో డీడీఆర్3, డీడీఆర్4 అని రకాలుంటాయి. డెస్క్‌టాప్ కంప్యూటర్ డీడీఆర్3 స్టిక్కుకి రెండు వైపులా కలిపి 240 పళ్లు. ఒక్కో పన్ను 0.75 మిల్లీమీటర్ల వెడల్పు, 2.5 మిల్లీమీటర్ల పొడవు అనుకుందాం. అన్నీ కలిపితే 450 చదరపు మిల్లీమీటర్లు, అంటే 4.5 చదరపు సెంటీమీటర్లు. దాన్ని మందంతో, అంటే 0.000076 సెంటీమీటర్లతో గుణించండి. వచ్చినదాన్ని బంగారం సాంద్రత 19.3తో గుణించండి. 0.0066 గ్రాములు! గ్రాము 10,000 రూపాయలు అనుకుంటే స్టిక్కుకి 66 రూపాయలు. మీ పదకొండింటికీ కలిపి 726. నానమ్మ మెళ్లో కాసు 8 గ్రాములు కదా, అంత బంగారం కావాలంటే 1,200 స్టిక్కులు కావాలి.

ఇది కూడా మంచి పూత అయితేనే. చవక బోర్డుల మీద పూత 0.1 మైక్రాన్ లోపు కూడా ఉంటుంది. మెరుపు మాత్రం రెండింటికీ ఒకటే, కంటికి తేడా తెలియదు. నా రిపేరు షాపు రోజుల్లో ఒకసారి పచ్చటి పిన్నులు కిలోల లెక్కన కొని రేకు డబ్బాలో దాచుకున్నాను. ఒక్క వానాకాలం గడిచేసరికి అన్నీ నల్లబడ్డాయి. ఉత్త ఇత్తడి. ఆ డబ్బుతో మీ నాన్నకి సైకిల్ కొందామనుకున్నాను. ఇప్పటికీ ఆ సైకిల్ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

పాత చిప్పుల లోపల సన్నని బంగారు తీగలు ఉండేవి. బంగారం ధర పెరిగాక చాలా కంపెనీలు రాగి తీగకి మారాయి. కాబట్టి పాత సరుకు లెక్క కొత్తదానికి పనికిరాదు. 2020 టోక్యో ఒలింపిక్స్ పతకాల కోసం జపాన్‌లో 78,985 టన్నుల పాత పరికరాలు పోగుచేస్తే, అందులో 62 లక్షల ఫోన్లు కూడా ఉన్నా, 32 కిలోల బంగారం వచ్చింది. టన్నుకి ఎంతో మీరే భాగించి చూడండి.

ఇక యాసిడ్ సంగతి. నైట్రిక్ యాసిడ్ రాగిని తాకగానే ఎర్రటి గోధుమరంగు పొగ వస్తుంది. పీల్చినప్పుడు కాస్త దగ్గు వచ్చి తగ్గినట్టే ఉంటుంది. కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. మిగిలిన యాసిడ్‌లో కరిగిన రాగి, నికెల్ ఉంటాయి, పాత బోర్డులైతే సీసం కూడా. మోరీలో పోస్తే అవి నేలలోకి ఇంకి బోరు నీళ్లలోకి చేరతాయి. ఢిల్లీ సీలంపూర్‌లో పొట్టకూటి కోసం ఇదే పని చేసేవాళ్లున్నారు, వాళ్లలో మీ ఈడు పిల్లలూ ఉన్నారు. వాళ్లని తలుచుకుంటే బాధేస్తుంది. మీకు ఆ అవసరం లేదు, దయచేసి ఆ పని చేయకండి నాన్నా.

ముందు బాబాయితో ఆ స్టిక్కులు పనిచేస్తున్నాయేమో చూపించండి. పనిచేస్తే సెకండ్ హ్యాండ్‌లో 66 రూపాయల కంటే ఎక్కువే పలుకుతాయి. చెడిపోయినవి అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకి ఇద్దాం.

ఈలోగా ఒక పని చేయండి. పళ్ల వెడల్పు, పొడవు నేను అనుకున్నవే. స్కేలుతో కొలిచి, మీ స్టిక్కుల్లో డీడీఆర్3 ఎన్నో, డీడీఆర్4 ఎన్నో చూసి, లెక్క మళ్లీ వేసి నాకు పంపండి. డెస్క్‌టాప్ డీడీఆర్4కి పళ్లు 288 ఉంటాయి.

మీ తాతయ్య