అపోహలు - వాస్తవాలు: ఇంకో వంద అడుగులు దింపితే నీళ్లు పడతాయా?

ఏప్రిల్ వచ్చిందంటే అనంతపురం చుట్టుపక్కల నుంచి, బోరు పాయింట్లు చూసే నాకు వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒక్కలాగే ఉంటాయి. "సార్, ఏడొందల అడుగులైంది. దుమ్ము తప్ప ఏమీ రావట్లేదు. ఇంకో వంద దింపమంటారా?" వెనక బోరు బండి మోత వినిపిస్తూనే ఉంటుంది. ఆపేయండి అంటే అవతలి మనిషి కాసేపు మాట్లాడడు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఎదురుగా పదేళ్లు పెంచిన చీనీ (బత్తాయి) తోట ఎండిపోతుంటే ఎవరికైనా అంతే. అయినా ప్రతిసారీ ఆపేయమనే చెబుతాను. ఎందుకో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: లోతుకు పోయేకొద్దీ నీళ్లు ఎక్కువ.

వాస్తవం: మన జిల్లాలో ఎక్కువ భాగం, తెలంగాణలో కూడా చాలా భాగం కింద ఉన్నది గ్రానైటు లాంటి గట్టిరాయి. (తాడిపత్రి వైపు సున్నపురాయి సంగతి వేరు.) ఈ రాయిలో నీళ్లు నిలిచే జాగా ఉండదు. పైన మట్టి, దాని కింద మొరం, పుచ్చిన మెత్తరాయి, ఆ కింద పగుళ్లున్న రాయి. నీళ్లు ఉండేది ఈ పై పొరల్లోనే. పగుళ్లు చాలాచోట్ల మొదటి మూడొందల అడుగుల్లోపే దొరుకుతాయి. ఇంకా కిందికి పోతే పైరాయి బరువుకు అవి బిగుసుకుపోయి, సంఖ్యలో కూడా తగ్గిపోతాయి. అక్కడక్కడ ఆరొందల్లోనో ఎనిమిదొందల్లోనో గ్యాప్ (నీళ్లున్న పగులు) తగలడం నిజమే, కాదనను. ఆ ఒక్కడికి పడిన కబురు పది ఊళ్లు తిరుగుతుంది, పడని వాళ్ల సంగతి ఎవరూ చెప్పుకోరు. అంత లోతు గ్యాప్‌లోకైనా నీళ్లు పైనుంచి, వాన వల్లే దిగాలి. కింద పాతాళగంగ ఏమీ ప్రవహించడం లేదు. పైగా ఎక్కువ కాలం రాయిని అంటిపెట్టుకుని ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే ప్రమాదం ఉంది.

ఇంకో విషయం. కొత్త బోరులో పడిన నీళ్లు కొత్త నీళ్లు కాకపోవచ్చు. ఒకచోట అన్నదమ్ములు గట్టుకు అటూ ఇటూ బోర్లు వేసుకున్నారు. తమ్ముడి బోరులో రెండించుల నీళ్లు పడి పండగ చేసుకున్న వారానికే అన్న బోరు గాలి కొట్టింది. ఇద్దరిదీ ఒకటే పగులు. ఒక కుండలో రెండు గొట్టాలు పెట్టి పీల్చినట్టు. అన్న మళ్లీ అప్పు తెచ్చి ఇంకా లోతుగా వేయించాడు. ఆ ఇంట్లో మాటలు ఆగిపోవడానికి ఈ మొండి నమ్మకమే కారణం, వాళ్లలో ఎవరి తప్పూ లేదు.

లెక్క చూడండి. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఎకరం మీద పడేది సుమారు 22 లక్షల లీటర్లు. గట్టిరాయి నేలల్లో అందులో భూమిలోకి ఇంకేది ఇంచుమించు పదోవంతు, అంటే రెండు లక్షల చిల్లర. ఎకరం వరికి 1200 మిల్లీమీటర్ల నీళ్లు పెడితే 48 లక్షల లీటర్లు దాటుతుంది. వరి మడి నుంచి కొంత మళ్లీ కిందికి దిగుతుంది, అది తీసేసినా సరే, ఒక ఎకరం వరి పదుల ఎకరాల మీద ఇంకిన వానను తాగేస్తోంది. ఈ కొరత బోరు లోతు పెంచితే ఎలా తీరుతుంది?

ఈ లెక్క రైతులకు ఎక్కదని కొందరు అంటారు. అది అబద్ధం. ఉమ్మడి రాష్ట్రంలో కరువు జిల్లాలు ఏడింటిలో ఏపీఫామ్స్ (రైతులే భూగర్భజలాన్ని చూసుకునే) ప్రాజెక్టు నడిచినప్పుడు రైతులే ఊరి వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు కూర్చుని ఊరి నీటి బడ్జెట్ వేసుకుని ఏ పంట ఎంత వేయాలో మాట్లాడుకున్నారు. పెద్దగా చదువుకోని వాళ్లు కూడా ఆ లెక్కల్లో పాలుపంచుకున్నారు.

అపోహ: వాతావరణం మారి వానలు పెద్దవి పడుతున్నాయి కదా, భూగర్భజలానికి మంచిదే.

వాస్తవం: 2021 నవంబరులో చెయ్యేరుకు వరదొచ్చి అన్నమయ్య డ్యామ్ తెగింది గుర్తుందా? గాలి వేడెక్కేకొద్దీ ఎక్కువ తేమ పట్టుకుంటుంది, ఒక్కసారిగా దించుతుంది. మధ్యలో వారాల తరబడి ఎండ. ఆ కుంభవృష్టి మనకు దక్కాలంటే చెరువు నిండాలి, చెరువుకు నీళ్లు తెచ్చే కాలువ తెరిచి ఉండాలి. పూడిక తీయడం మీద ఉన్న హడావుడి ఆ కాలువల కబ్జా మీద కనిపించదు. ఎండ పెరిగితే పంట దాహం కూడా పెరుగుతుంది, అది మర్చిపోవద్దు.

అపోహ: డ్రిప్ వేస్తే నీళ్లు మిగిలినట్టే.

వాస్తవం: మిగిలిన నీళ్లతో ఇంకో రెండెకరాలు తోట పెడితే ఏమీ మిగలవు. డ్రిప్ మంచిదే, తోట పెంచకుండా ఉంటే.

అపోహ: కొబ్బరికాయ నిలబడితే నీళ్లున్నట్టు.

వాస్తవం: లేదు. దీని మీద ఎక్కువ రాయను. మా సర్వే మిషన్ కూడా నీళ్లను చూపించదు. మెత్తరాయి ఎంత మందం ఉందో, పగుళ్లకు అవకాశం ఎక్కడుందో అంచనా ఇస్తుంది, అంతే. నూటికి నూరు గ్యారంటీ అని ఎవరు చెప్పినా నమ్మకండి.

తోట ఎండుతున్న వాళ్లు ముందు ఈ ఏడు కాయ దించేయండి, పాదుల్లో వేరుశనగ పొట్టో ఎండుగడ్డో మందంగా పరవండి. చెట్టు బతికితే వచ్చే ఏడు కాయ వస్తుంది. పక్క రైతు బోరులో నీళ్లుంటే పైపు వేసుకుని పంచుకోండి, ఖర్చులో వంతు ఇవ్వండి. కొన్ని ఊళ్లలో బోర్లన్నీ ఇలా కలిపి నడుపుకుంటున్నారు. బోరు వేసే ఆలోచన ఉంటే వేసవిలో కంగారుగా కాదు, వానలు తగ్గాక పిలవండి. పాత బోర్లలో కేసింగ్ పైపు ఎంత దిగింది, ఎన్ని అడుగుల్లో గ్యాప్ తగిలింది, ఏ నెలలో ఆగిపోయింది, ఇవి రాసి ఉంచండి. నాకు మిషన్ కంటే ఆ కాగితం ఎక్కువ పనికొస్తుంది.

ఫెయిలైన బోరు నుంచి కేసింగ్ పీక్కుని గుంత అలాగే వదిలేస్తున్నారు. పిల్లలు పడిపోతున్నారు. ఇలాంటి బోర్లను అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. బండి వెళ్లిపోయేలోపే ఆ పని చేయించండి.