చదివే గొంతు వచ్చింది, పుస్తకమే రాలేదు

డిగ్రీ పుస్తకం కొత్తది కావాలంటే విజయవాడ ఏలూరు రోడ్డు, పాతది కావాలంటే లెనిన్ సెంటర్. గుంటూరు నుంచి కూడా పిల్లలు ఇక్కడికే వస్తారు. తెలుగు పుస్తకాల అచ్చుకు పేరుపడ్డ ఈ ఊళ్లోనే, చూపు లేని విద్యార్థి తన తెలుగు పాఠాన్ని ఫోన్లో వినాలంటే పేజీ పేజీకీ ఎవరితోనో ఫొటో తీయించుకోవాల్సి వస్తోంది. ఈ పరిస్థితి ఒక్కరోజులో రాలేదు.

మన భాషలన్నిటికీ ఒకే పద్ధతిలో పనికొచ్చేలా భారతీ బ్రెయిలీ 1951లో ఖరారైంది. బడి పుస్తకాల వరకు అది ఆసరాగా నిలిచింది. కాలేజీకి వచ్చేసరికి చిక్కు మొదలైంది. అచ్చులో ఒక్క పుస్తకం బ్రెయిలీలోకి మారితే కొన్ని లావుపాటి సంపుటాలవుతుంది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కాలేజీ చదువులకు తెలుగులో పుస్తకాలు తెచ్చింది. ఊళ్ల నుంచి వచ్చిన ఎందరో పిల్లలు వాటితోనే గట్టెక్కారు. చూపు లేని వాళ్లకు మాత్రం ఆ పుస్తకాన్ని ఎవరో ఒకరు చదివి వినిపించాలి. హాస్టల్ రూమ్మేట్ రాత్రిళ్లు గట్టిగా చదివితే క్యాసెట్‌లో రికార్డు చేసుకునేవారు. ఆ స్నేహాల విలువ నేను తక్కువ చేయను. కానీ రూమ్మేట్‌కూ పరీక్షలుంటాయి కదా.

1995 వికలాంగుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల్లో 3 శాతం సీట్లు కేటాయించమంది. సీటు దొరికింది, పాఠం దొరకలేదు. ఏ గ్రూపు చదవాలన్నది కూడా విద్యార్థి చేతిలో ఉండేది కాదు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ పదో తరగతి తర్వాత సైన్స్ చదువుతానంటే బొమ్మలు, గ్రాఫులు చూడలేవని కాదన్నారు. ఆయన కోర్టుకెళ్లి ఆ హక్కు సాధించుకున్నారు. ఆడియోగా మార్చిన పుస్తకాలతో ఇంటర్ పూర్తిచేసి, 2009లో అమెరికాలోని ఎంఐటీలో చేరారు. ఆయన విజయం గురించి అందరూ చెప్పుకుంటారు. నా దృష్టి మాత్రం ఆ ఆడియో పుస్తకాల మీదే నిలుస్తుంది. అవి అందని పిల్లల సంగతేమిటి?

ఈలోగా యంత్రాలు వచ్చాయి. తెర మీది అక్షరాలను బయటికి చదివే జాస్ 1989లోనే మొదలైనా, దాని ధర మన పిల్లలు అందుకోలేనిది. చూపు లేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు 2006లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ మొదలుపెట్టి ఉచితంగా ఇచ్చారు. ఈ సాఫ్ట్‌వేర్లతో ఇంగ్లీషు పుస్తకాలు మాట్లాడాయి. తెలుగు పుస్తకాలు మాట్లాడలేదు.

కారణం మన డీటీపీ సెంటర్లలో ఉంది. తెలుగు పుస్తకాలు ఏళ్ల తరబడి పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను వంటి ఫాంట్లతో తయారయ్యాయి. అచ్చు పనిని అవి ఎంత సులువు చేశాయో ఏ ఆపరేటర్‌ని అడిగినా చెబుతారు. అయితే ఆ ఫాంట్లలో మన కంటికి ‘క’ అని కనిపించేది కంప్యూటర్ లెక్కలో ఒక ఇంగ్లీషు అక్షరం, లేదా ఏదో గుర్తు. దాని మీద తెలుగు ఆకారం తొడిగారంతే. స్క్రీన్ రీడర్‌కు ఆకారంతో పని లేదు, లోపలున్న కోడ్‌నే చదువుతుంది. అందుకే ‘కౌటిల్యుడు’ అని అచ్చయిన చోట అర్థం లేని ఇంగ్లీషు ముక్కలు వినిపిస్తాయి. ఒక్కో భాష అక్షరానికి దాని సొంత కోడ్ ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ కూడా వచ్చింది. ప్రచురణ రంగం మాత్రం పాత ఫైళ్లతోనే సాగింది. కొత్త ఎడిషన్ అంటే పాత ఫైల్లో నాలుగు పేజీలు మార్చడమే అయింది. ఎవరూ కావాలని చేసింది కాదు. అయినా దాని బరువంతా పడింది తెలుగు మీడియంలో చదివే చూపు లేని పిల్లల మీద.

పుస్తకాన్ని ఆడియోగానో బ్రెయిలీగానో మార్చుకోవడానికి కాపీరైట్ అడ్డు 2012 సవరణతో తొలగింది. చూపు లేని వాళ్లకు పుస్తకాలు అందడం కోసమే దేశాల మధ్య 2013లో కుదిరిన మరకేష్ ఒప్పందాన్ని ఆ మరుసటి ఏడాది ధ్రువీకరించిన తొలి దేశం మనదే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచి, ఉన్నత విద్యలో సీట్లను 5 శాతం చేసింది. 2022లో యూజీసీ కాలేజీలకు మార్గదర్శకాలిచ్చింది. వాటిలో ర్యాంపులతో పాటు పాఠాలు, వెబ్‌సైట్లు ఎలా ఉండాలో కూడా ఉంది. ఎక్కువ చోట్ల ముందు కనిపించేది ర్యాంపే.

చెవులు వినపడని పిల్లల కథ వేరు. సైగ భాష పరిశోధన, శిక్షణ కేంద్రం ఢిల్లీలో 2015లో ఏర్పడింది. దాని నిఘంటువు 2021కి 10,000 పదాలకు చేరింది. ఆ భాష తెలిసిన లెక్చరర్ మన కాలేజీల్లో దొరకడమే కష్టం. ఫోన్లో మాటలు అక్షరాలుగా పడే సదుపాయం ఇంగ్లీషుకు బాగానే పనిచేస్తుంది. ‘డిమాండ్ పెరిగితే ప్రైస్ ఏమవుద్ది?’ అని మన గుంటూరు లెక్చరర్ అడిగితే తడబడుతుంది.

పరీక్షల్లో విద్యార్థి చెప్పిన జవాబులు రాసిపెట్టే స్క్రైబ్‌కు, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయానికి 2013, 2018 మార్గదర్శకాలు దారి చూపాయి. జవాబులు కంప్యూటర్ మీద తనే టైప్ చేసుకోవచ్చని కూడా వాటిలో ఉంది. అయినా సెమిస్టర్ పరీక్షల ముందు స్క్రైబ్ దొరుకుతాడా లేదా అన్న టెన్షనే చదువు టెన్షన్ కన్నా ఎక్కువ.

2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అన్నారు. ఇక స్క్రీన్ రీడర్ సమస్య తీరినట్టే అనిపిస్తుంది. కానీ పది దాకా తెలుగులో చదివిన విద్యార్థికి ఆ ఇంగ్లీషు గొంతు చదివింది అర్థం కావాలంటే పక్కన తెలుగు పుస్తకం ఉండాలి. గ్రూప్ 2కి చదవాలన్నా తెలుగు పుస్తకమే కావాలి.

అందుకే ఫొటోలు. ఇప్పుడు ఫోన్ ఆ ఫొటోలోని తెలుగును గుర్తుపట్టి చదువుతుంది, అది నిజంగా పెద్ద మేలు. అయితే అచ్చు మసకగా ఉంటే ఒత్తులు ఎగిరిపోతాయి. రెండు వరుసల పేజీ అయితే ఎడమ వాక్యం, కుడి వాక్యం కలిసిపోతాయి. పట్టిక వస్తే అంకెలన్నీ గబగబా వినిపిస్తాయి గానీ ఏ అంకె ఏ ఏడాదిదో తెలియదు. అసలు ఫైలేమో అదే ఊళ్లో, ఏదో డీటీపీ సెంటర్ కంప్యూటర్లో భద్రంగా ఉంటుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలూ ఉన్నాయి. ఆ ఫైలు తన దాకా రాదు కాబట్టి, ఫోన్ తప్పు చదివిన చోట అసలేముందో తెలుసుకోవడానికి ఆ విద్యార్థి పుస్తకం పట్టుకుని మళ్లీ రూమ్మేట్ దగ్గరికే వెళ్తున్నాడు.